మన డబ్బు ఎవరి దగ్గరుంటుంది, అన్నయ్యగారూ?

డబ్బు సంగతి నాకు తెలుసునన్న నమ్మకంతో చాలా ఏళ్లు బతికానండి. తెలియడమంటే సంపాదించడం కాదు. రాజమండ్రిలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్సు చెప్పి రిటైరయినవాణ్ణి. తాడితోట బట్టల మార్కెట్లో ఏ కొట్టు మెట్లెక్కినా గల్లాపెట్టె దగ్గర నా శిష్యుడో, శిష్యుడి కొడుకో ఉంటాడు. చప్పున లేచి నిలబడి ‘మాస్టారూ’ అంటాడు. ఆ లేచి నిలబడటం ఉంది చూశారూ, నా కొంప ముంచింది అదే.

రిటైరయ్యాక లేచి నిలబడేవాళ్లు తగ్గిపోతారు. పొద్దున పుష్కరాల రేవు దాకా నడిచి, కాఫీ తాగి, పేపరు చివరి పేజీ దాకా చదివినా ఇంకా ఎనిమిదిన్నరే అవుతుంది. నన్నెవరైనా ఏదైనా అడిగితే బాగుండునని ఉండేది. ఇంట్లో ఎవరూ నా సలహా లేకుండా చెంచా కూడా కదపకూడదని లోలోపల ఓ కోరిక. మీకూ ఉంటుంది. కాకపోతే మీరు దాన్ని అదుపులో పెట్టుకుని ఉంటారు. నేను దాన్ని మేపాను.

ఫోన్లో ఓ కుర్రాడు కనిపించాడు. కరెన్సీ ట్రేడింగు నేర్పుతాడట. మాటకు ముందు ‘ఆయ్’, మాట చివర ‘అండి’. అచ్చం మన గోదారి యాస. నా మేనల్లుడు మాట్లాడినట్టే ఉంది. అయినా నేను వెంటనే పడిపోలేదు. ఈ ముక్క గట్టిగా చెప్పుకోవాలి. నన్నెవరూ తొందరపెట్టి తోసెయ్యలేదు. నేను ఆలోచించి, బేరీజు వేసి, నోటుపుస్తకంలో గళ్లు గీసి మరీ దిగాను. కరెన్సీ ట్రేడింగు నేర్పే కోర్సులన్నీ ఓ పక్క, వాటి ఫీజులు ఇంకో పక్క, నమ్మదగ్గ లక్షణాలు మూడో గడిలో. ఎర్ర కారుకు ఆనుకుని ఫొటో దిగినవాళ్లను మొదటి రోజే కొట్టేశాను. దుబాయ్ మేడ మీద నిలబడి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి రెండో రోజు తీసేశాను. చివరికి మామూలు నూలు చొక్కా వేసుకున్న ఈ కుర్రాడు మిగిలాడు.

ఇతను ఫీజుకు జీఎస్టీ బిల్లు ఇస్తాడు. అతని వెనక గోడ మీద ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, పక్కనే ఐఎస్ఓ పటం. ఆ మూడూ చూశాక నా మనసు కుదుటపడింది. జీఎస్టీ నంబరంటే పన్ను వసూలు చేసి ప్రభుత్వానికి కడతానని ఒప్పుకోవడం, అంతే. అమ్మే సరుకు మంచిదా చెడ్డదా అని ఆ నంబరు చెప్పదు. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జులై నుంచి ఎవరైనా ఆధార్ నంబరుతో, తమ వివరాలు తామే రాసుకుని, పైసా ఖర్చు లేకుండా తెచ్చుకోవచ్చు. ఐఎస్ఓ పటమంటే సంస్థ పని తీరు గురించి ప్రైవేటు వాళ్లు ఇచ్చే పత్రం. ఈ మూడింటి గురించీ విడివిడిగా నాకు తెలుసు. మూడింటినీ ఒకే చోట చూసేసరికి మాత్రం ‘ప్రభుత్వం ఒప్పుకున్న చదువు’ అని కనబడింది. తెలిసినదాన్ని అవసరానికి మరిచిపోవడానికి చదువేమీ అడ్డం కాదండి.

మొదటి పాఠం ఉచితం. రెండో మెట్టు చవక. మూడో మెట్టుకు నా నెల పెన్షను సరిపోలేదు. చెప్పిన పాఠంలో అబద్ధం తక్కువ. పిప్ అంటే ఏమిటి, లాటు అంటే ఏమిటి, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉండే స్ప్రెడ్ ఏమిటి, అన్నీ సరిగ్గానే చెప్పాడు. కొవ్వొత్తి బొమ్మల పటాలు జపాన్‌లో బియ్యం వర్తకుల దగ్గర పుట్టాయంటారని చెప్పినప్పుడు, వరిచేల మధ్య పుట్టినవాణ్ణి, ఒళ్లు పులకరించింది. ప్రపంచంలో రోజుకు ఏడున్నర లక్షల కోట్ల డాలర్ల విలువైన కరెన్సీ చేతులు మారుతుందని బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ 2022లో తీసిన లెక్క చూపించాడు. ఆ లెక్కా నిజమే. 2025 నాటికి అది 9.6 లక్షల కోట్లయింది కూడా. ‘ఇంత గోదాట్లో మనం ఓ చెంబుడు ముంచుకుంటే ఎవరికి లోటండి?’ అన్నాడు. తల ఊపాను. ఆ చెంబు గోదాట్లో మునగనే లేదని చాలా ఆలస్యంగా తెలిసింది. దాని సంగతి తర్వాత.

ఇలాంటి చోట్ల అబద్ధం పాఠంలో ఉండదు. పాఠం అయ్యాక ఇచ్చే లింకులో ఉంటుంది. ‘ప్రాక్టీసుకు ఈ యాప్ వాడండి’ అంటారు. ఆ లింకు ద్వారా చేరిన ప్రతివాడు చేసే ప్రతి లావాదేవీ మీదా, వాడు గెలిచినా ఓడినా, పాఠం చెప్పినవాడికి కమీషను ముడుతుంది. మనం ఎంత ఎక్కువగా కొని అమ్మితే ఆయనకంత లాభం. అలాంటప్పుడు ‘ఈ రోజు ఏమీ చెయ్యకండి’ అని ఆయన ఎందుకు చెబుతాడు? చెప్పలేదు కూడా.

ఉత్తుత్తి డబ్బుతో ఆడించే డెమో ఖాతాలో నేను విజృంభించాను. యూరో కొన్నాను, పెరిగింది. పౌండు అమ్మాను, తగ్గింది. మా ఆవిడ కాఫీ తెస్తే ‘లండన్ తెరుచుకుంది, కాసేపాగు’ అన్నాను. లండన్ కోసం వంటింటి తలుపు కూడా మూయించాను. వారం తిరక్కుండా నాకు నేనే రిజర్వు బ్యాంకు గవర్నరునైపోయాను.

ఆ ఊపులో మా తోడల్లుడికి ఫోన్ చేశాను. ఆయనది రాజోలు దగ్గర. కువైట్‌లో డ్రైవరు పని చేసి, ఒంట్లో ఓపిక తగ్గాక వచ్చేసి, ఉన్న నాలుగు కొబ్బరిచెట్లు చూసుకుంటున్నాడు. పెద్దగా చదువుకోలేదు. నేను ఓ గంటసేపు లాటులూ పిప్పులూ వివరించాక ఒకటే అడిగాడు.

‘మన డబ్బు ఎవరి దగ్గరుంటుంది, అన్నయ్యగారూ?’

ఈ ప్రశ్న ఆయన పుస్తకంలో చదివింది కాదు. కువైట్‌లో జీతం రాగానే మాలియాలో ఎక్స్‌ఛేంజి కౌంటరు ముందు వరసలో నిలబడి, దినారుకు ఇవాళ ఎన్ని రూపాయలని బోర్డు చూసి, రేటు బాగుంటే పంపి, లేకపోతే నాలుగు రోజులు ఆగిన మనిషి. పంపిన ప్రతిసారీ రసీదు తీసుకుని, ఇంటికి ఫోన్ చేసి, ఇక్కడ బ్యాంకులో పడిందా అని కనుక్కున్న మనిషి. కరెన్సీ వ్యాపారం అంటే ఏమిటో మా ఇద్దరిలో ఆయనకే తెలుసు.

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు. ‘నువ్వు డ్రైవింగు చూసుకున్నవాడివి, ఇది వేరేలే తమ్ముడూ’ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ‘మీరు చెబుతున్నారుగా, సరే అన్నయ్యగారూ’ అన్నాడు. కూతురి పెళ్లికని దాచిన దాంట్లోంచి కొంత పంపాడు. యాప్‌ను నమ్మి కాదు, మాస్టారిని నమ్మి.

అసలు డబ్బు యాప్‌లో వెయ్యాలంటే యూపీఐలో పంపమన్నారు. మొదటిసారి ఏదో రెడీమేడ్ బట్టల షాపు పేరు మీదున్న ఖాతా. రెండోసారి సెల్‌ఫోన్ల కొట్టు. మూడోసారి ఎవరో ఆడమనిషి పేరు. కంపెనీ పేరు ఒకటి, డబ్బు చేరే ఖాతా పేరు ఇంకొకటి అని ఓ పిల్లవాడు లెక్క రాసి తెస్తే నేను ఎర్ర సిరాతో పేజీ అడ్డంగా కొట్టేసేవాణ్ణి. ఇక్కడ మాత్రం నా నోటుపుస్తకంలో నీటుగా తేదీ వేసి, ఖర్చు వివరం రాసి, కింద గీత గీశాను.

ఒకటికి 500 లీవరేజి ఇచ్చారు. అంటే నా 100 డాలర్లు హామీగా, వాళ్ల మాటలో మార్జిన్‌గా, పెట్టి 50,000 డాలర్ల సరుకు నడపొచ్చు. నన్ను నమ్మి ఇంత ఇచ్చారని మురిశాను. లెక్క వేస్తే తెలిసేది: అంత అప్పు మీద ధర నాకు ఎదురుగా వందకు ఇరవై పైసలు కదిలితే నా 100 డాలర్లూ సఫా. యూరో ఒక మామూలు రోజున అంతకన్నా ఎక్కువే ఊగుతుంది. ఐరోపా నియంత్రణ సంస్థ ఎస్మా 2018లోనే సామాన్యులకు ముఖ్యమైన కరెన్సీల మీద ఒకటికి 30 మించి ఇవ్వకూడదని కట్టడి చేసింది. అలాంటి ఖాతాల్లో నూటికి 74 నుంచి 89 దాకా నష్టపోతున్నాయని తేలాకే ఆ పని చేసింది. ఐరోపా వాళ్లకు 30 చాలంటే నాకు 500 ఎందుకిచ్చారన్న అనుమానం రావాలి కదా. రాలేదు.

మాఘమాసంలో రావులపాలెంలో మా ఆవిడ తరఫువాళ్ల పెళ్లి. శుక్రవారం సాయంత్రం. అమెరికాలో ఉద్యోగాల లెక్క మామూలుగా నెల మొదటి శుక్రవారం వస్తుంది, శీతాకాలంలో మన టైము రాత్రి ఏడు గంటలకు. ఆ క్షణంలో డాలరు చిందులేస్తుందని పాఠంలో చెప్పారు. అనుభవమున్నవాళ్లు ఆ వేళ చేతులు ముడుచుకు కూర్చుంటారని మాత్రం చెప్పలేదు. ఏడు కావడానికి ఐదు నిమిషాలుందనగా నన్ను బంతిలో కూర్చోబెట్టారు. విస్తట్లో పులిహోర పడింది, పనసపొట్టు కూర పడింది, బొబ్బట్టు మీద నెయ్యి పడింది, ఎడంచేత్తో నేను యూరో కొన్నాను, ఏడయింది, గీత పైకి లేచింది, నా గుండె దాంతోపాటు లేచింది, కొన్నదానికి రెట్టింపు కొన్నాను, గీత కిందికి తిరిగింది, స్ప్రెడ్ నోరు తెరిచింది, అమ్మేద్దామంటే మీట పనిచెయ్యదు, ‘మార్జిన్ చాలదు’ అని ఎర్రక్షరాలు, పక్కన ఎవరో ‘సాంబారు వెయ్యమంటారా’ అంటున్నారు, మా ఆవిడ గాజులు మార్పించుకుందామని దాచుకున్న డబ్బు నా ఖాతాలోనే ఉంది, పంపేశాను, అది యాప్‌లో కనబడింది, కనబడిన నిమిషంలో కరిగింది, ఇంకొంచెం పంపాను, అదీ పోయింది, వేలితో తోస్తే సున్నా, మూసి తెరిస్తే సున్నా. వడ్డించేవాడు ‘మాస్టారూ, ఏం ముట్టుకోలేదేంటండీ’ అన్నాడు.

ఎదురు బంతిలోంచి మా తోడల్లుడు నవ్వుతూ చెయ్యెత్తి పలకరించాడు. ఆయన ఖాతా ఆ రోజు లాభంలో ఉంది.

నా కథ అక్కడితో ముగిస్తే ‘జూదంలో ఓడాడు’ అని మీరు సరిపెట్టుకునేవారు. అసలు సంగతి గెలిచినవాడి దగ్గర తెలిసింది. కూతురికి సంబంధం కుదిరి ఆయన డబ్బు వెనక్కి తీద్దామంటే యాప్ వాళ్లు ముందు 18 శాతం పన్ను కట్టమన్నారు. పన్ను కట్టించుకునేది ప్రభుత్వం. ఎవరైనా మినహాయించాల్సి వస్తే మనకివ్వాల్సిన డబ్బులోంచి మినహాయించి మిగిలింది ఇస్తారు. ముందు నువ్వు నాకు కట్టు, తర్వాత నీ సొమ్ము నీకిస్తానని పన్ను చట్టంలో ఎక్కడా లేదు. ఈ పాఠం నేను క్లాసులో చెప్పినదే. యాప్ వాళ్లకు నేనే ఫోన్ చేసి గట్టిగా అడిగాను. మర్నాడు మా ఇద్దరి ఖాతాలూ తెరుచుకోలేదు.

చెంబు సంగతి చెబుతానన్నాను. ఇలాంటి యాపుల్లో మనం యూరో కొన్నామంటే లండన్‌లో ఎవరి దగ్గరో కొన్నట్టు కాదు. యాప్ నడిపేవాడే మనకు ఎదురు పందెం కాస్తాడు. మనం పోగొట్టుకున్నది వాడి జేబులోకి పోతుంది. మనకు రావాల్సింది వాడి జేబులోంచి తియ్యాలి, అందుకే తియ్యడు. తెర మీద కదిలిన గీత నిజమైన ధరదే కావచ్చు. డబ్బు మాత్రం ఆ బట్టల కొట్టు ఖాతా దాటి ఏ మార్కెట్టుకూ వెళ్లలేదు. ‘మన డబ్బు ఎవరి దగ్గరుంటుంది’ అని ఆయన అడిగింది దీన్నే.

ఆ వెంటనే పోలీసుల దగ్గరికి వెళ్లాల్సింది. వెళ్లలేదు. సిగ్గొకటే కాదు, భయం. బ్యాంకులో పనిచేసే పాత శిష్యుణ్ణి ఎవరికో జరిగినట్టు చెప్పి అడిగితే, విదేశీ మారక నిర్వహణ చట్టం, 1999 నాటి ఫెమా, గురించి చెప్పాడు. మన దేశంలో ఉంటున్నవాళ్లు రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్నవాళ్లతోనే, అనుమతి ఉన్న వేదికల మీదో, గుర్తింపు పొందిన ఎక్స్‌ఛేంజీల్లోనో మాత్రమే కరెన్సీ లావాదేవీలు చెయ్యాలి. విదేశాలకు డబ్బు పంపుకునే పథకం కింద కూడా ఇలాంటి మార్జిన్ ఆటలకు పంపకూడదు. తప్పితే ఆ సొమ్ముకు మూడు రెట్ల దాకా జరిమానా వెయ్యొచ్చు. అంటే మోసపోయినవాణ్ణి నేనే, చట్టం దాటినవాణ్ణీ నేనే. ఈ యాపుల వాళ్ల అసలు ధైర్యం ఇదేనని నాకు గట్టి నమ్మకం. మోసపోయినవాడు నోరు తెరవడని వాళ్లకు తెలుసు.

ఇలాంటి యాపుల గురించి రిజర్వు బ్యాంకు 2022 ఫిబ్రవరిలోనే హెచ్చరిక ఇచ్చింది. ఆ సెప్టెంబరులో అనుమతి లేని 34 పేర్లతో జాబితా పెట్టింది, తర్వాత పెంచుతూ వచ్చింది. అర్ధరాత్రి లేచి ఆ జాబితా వెతికాను. నా యాప్ పేరు లేదు. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. కిందనే రాసి ఉంది: జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు అనుకోవద్దని.

ఇంత జరిగాక కూడా కరెన్సీ అంటే నాకు కోపం లేదు. మన డెల్టాకు అది పరాయిదేం కాదు. భీమవరం చెరువుల్లో రొయ్య అమెరికా పోతుంది, డబ్బు డాలర్లలో వస్తుంది, అదీ నెలలు గడిచాక. ఈలోగా రూపాయి బలపడితే ఎగుమతిదారు నష్టపోతాడు. అందుకని ముందుగానే బ్యాంకుతో ఫలానా రోజుకు ఫలానా రేటని ఒప్పందం చేసుకుంటాడు. ఈ వ్యాపారం పుట్టింది అలాంటివాడి కోసం. 2008 ఆగస్టు 29న నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజిలో డాలరు ఫ్యూచర్స్ మొదలైనప్పుడు ఒక కాంట్రాక్టు 1,000 డాలర్లు. చిన్నవాళ్లకూ అందాలనే. చాలామంది దాన్ని పందెంగా మార్చారు. 2024 జనవరిలో రిజర్వు బ్యాంకు మళ్లీ స్పష్టం చేసింది: పది కోట్ల డాలర్ల దాకా కాగితాలు చూపించనక్కర్లేదు గానీ, నీకు నిజంగా విదేశీ మారకంతో లావాదేవీ ఉండాలి. అది ఆ మే 3 నుంచి అమల్లోకి వచ్చింది.

కాబట్టి నాలాంటి పెన్షనుదారు, డాలరు రావాల్సిందీ లేదు, కట్టాల్సిందీ లేదు, ఎక్స్‌ఛేంజీలో కూడా కరెన్సీ పందెం కాయడానికి లేదు. నిజాయితీగా కోర్సు చెప్పేవాడు మొదటి రోజు మొదటి మాటగా ఇది చెప్పాలి. ‘మీకు డాలర్ల అవసరమేంటండీ?’ అని అడగాలి. నా మూడు గళ్ల నోటుపుస్తకంలో ఆ ప్రశ్న అడిగినవాడికి గడే లేదు. అడిగిన గురువూ కనబడలేదు. సరైన ప్రశ్న అడిగింది మా తోడల్లుడొక్కడే, ఆయన నోరు నేను మూయించాను.

ఇంకో సంగతి. మార్కెట్ పాఠాలు చెప్పడానికి స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ అనుమతి అక్కర్లేదు. ఏది కొనాలో సలహా ఇవ్వడానికే కావాలి. ఆ సందులోంచే పాఠం పేరుతో సలహాలు దూరతాయి. 2023 అక్టోబరులో సెబీ ఓ యూట్యూబు గురువు మీద ఉత్తర్వు ఇచ్చింది. శిష్యులకు లాభాలే చూపించిన ఆ గురువు సొంత ట్రేడింగులో, రెండున్నరేళ్లలో, 2.89 కోట్లు పోగొట్టుకున్నాడని అందులో ఉంది. కోర్సుల మీద వచ్చిన డబ్బు మాత్రం బాగానే ఉంది. 2025 జనవరిలో సెబీ ఇంకో నిబంధన పెట్టింది: చదువు చెప్పేవాళ్లు గత మూడు నెలల ధరలు వాడకూడదు. ఇవాళ్టి ధర చూపిస్తూ పాఠం చెబుతున్నాడంటే అది పాఠం కాదని గుర్తుపట్టడానికి అదో చక్కటి గురుతు.

నిజంగా నేర్చుకోవాలనుకుంటే సెబీ స్థాపించిన ఎన్ఐఎస్ఎమ్ అనే సంస్థలో కరెన్సీ డెరివేటివ్స్ పరీక్ష ఉంది. దానికో పుస్తకం ఉంది. నేను ఇప్పుడు అది చదువుతున్నాను. అందులో కార్లు లేవు, మేడలు లేవు, నెలకింత వస్తుందన్న మాట లేదు. బ్యాంకులు ఎందుకు కొంటాయి, ఎగుమతిదారు ఎందుకు అమ్ముతాడు, మార్జిన్ ఎలా లెక్క కడతారు, అంతే. ఒక్క లాటు కూడా కొనను. తెలియకుండా చెప్పిన మాటను తెలిసి సరిదిద్దుకోవాలని ఉంది.

సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చివరికి ఫోన్ చేసింది మా ఆవిడ. నోటుపుస్తకం చూసింది, ఏమీ అనలేదు, ‘నంబరు చెప్పండి’ అంది. ఆలస్యమైంది కాబట్టి డబ్బు చాలా ఖాతాలు దాటిపోయింది. ఒక ఖాతాలో కొంచెం మిగిలితే దాన్ని ఆపారు. అది మాకు రావాలంటే కోర్టు ఉత్తర్వు కావాలన్నారు. పెళ్లి నుంచి వచ్చిన రాత్రే చేసి ఉంటే ఎంతో కొంత ఎక్కువ ఆగేదని అక్కడి పోలీసాయన అన్నాడు. అందుకే మీ ఇంట్లో ఎవరిదైనా ఇలా పోతే, చట్టం భయం తర్వాత చూసుకోండి, ముందు ఆ నంబరు నొక్కండి.

మా తోడల్లుడి డబ్బు నెలనెలా పెన్షనులోంచి పంపుతున్నాను. ఆయన వద్దంటాడు. మొన్న పంపబోతుంటే, నేను ఏ ఖాతాకు పంపుతున్నానో, ఎవరి పేరు కనబడుతోందో చదివి వినిపించమన్నాడు. పేరు చదివాను. ‘నాదే అన్నయ్యగారూ, పంపండి’ అన్నాడు.